సాలీడు చదివే దుకాణం

విజయవాడకు దగ్గరలో ఉన్న కొండపల్లి పేరు మీరు వినే ఉంటారు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో అక్కడి కొయ్యబొమ్మలను ఎరగనివారు తక్కువ. తెల్లపొణికి అనే తేలిక కర్రను చెక్కి, చింతగింజల పిండీ, రంపపుపొట్టూ కలిపిన ముద్దతో అవయవాలు అతికించి, ఆ పైన రంగులు వేసి ఆ బొమ్మలు తయారుచేస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, పల్లెటూరి మనుషులు—ఇలా ఎన్నో రకాలు ఉన్నవి.

అటువంటి బొమ్మలు చేసే కుటుంబం ఒకటి, తమ సరుకును ఇంటర్నెట్‌లో కూడా అమ్ముకుందామని ఒక వెబ్‌సైటు పెట్టుకున్నదనుకుందాం. ఫోటోలు ఎంతో అందంగా ఉన్నవి. ధరలు కూడా వేశారు. ఒక నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, ఒక్క బేరమూ రాలేదు. సరిగా అదే రోజుల్లో బెంగుళూరులో ఒక తల్లి కొలువులోకి కొండపల్లి బొమ్మలు కావాలని తన ఫోనులో వెతుకుతున్నదనుకుందాం. ఆమెకు కావలసిన బొమ్మలు వీరి దగ్గర ఉన్నవి. వీరికి కావలసిన బేరం ఆమె దగ్గర ఉన్నది. మరి మధ్యన అడ్డం ఏమిటి?

ఆ తల్లి వెతికినది గూగుల్ వంటి ఒక సెర్చి ఇంజనులో. వెతికిపెట్టే యంత్రం అన్నమాట. ఆ యంత్రానికి ఈ దుకాణం సంగతి తెలియదు. అదే అడ్డం! దానికి తెలిసేటట్టు చేయటం ఎలాగో ఇప్పుడు చూద్దాం. ఇందులో మాయా మంత్రమూ లేదు, పెద్ద ఖర్చూ లేదు. మీ ఇంట్లో వ్యాపారం ఉన్నట్టయితే మీ నాన్నగారితోనో, అమ్మగారితోనో కూర్చుని మీరు కూడా చేయదగిన పని ఇది.

మనం ఒక మాట రాసి వెతకమనగానే సెర్చి ఇంజను ఆ క్షణాన ప్రపంచమంతా పరుగెత్తి చూసి వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అలా చేస్తే జవాబు రావటానికి ఎన్ని రోజులు పట్టునో! అది చేసేది వేరే. పెద్ద శాస్త్ర గ్రంథాల చివర ఒక సూచిక ఉంటుంది, చూశారా? "ఏనుగు" అనే మాట ఎదురుగా ఆ మాట ఏయే పేజీల్లో వచ్చిందో అంకెలు వేసి ఉంటాయి. పుస్తకమంతా తిరగెయ్యకుండానే మనకు కావలసిన పేజీ దొరుకుతుంది. సెర్చి ఇంజను కూడా ఇంటర్నెట్‌లోని పేజీలకు అటువంటి బ్రహ్మాండమైన సూచికను ముందుగానే తయారుచేసి పెట్టుకుంటుంది. మనం అడిగినప్పుడు అది చూసేది ఆ సూచికనే. అందులో లేని దుకాణం ఎంత గొప్పదైనా ఆ యంత్రం దృష్టిలో లేనట్టే లెక్క.

ఈ సూచికను ఎవరు తయారుచేస్తారు? మొదట్లో మనుషులే చేసేవారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనే ఇద్దరు విద్యార్థులు 1994లో తమకు నచ్చిన వెబ్‌సైట్లను తరగతుల వారీగా ఒక పట్టికగా రాయసాగారు. అదే యాహూ. ఆ పట్టికలో చేరాలంటే దుకాణంవారు దరఖాస్తు పెట్టుకోవాలి. ఒక మనిషి వచ్చి చూసి, ఫలానా అరలో పెట్టవచ్చునని నిర్ణయించాలి. కాని వెబ్‌సైట్లు వేలు దాటి లక్షలు, లక్షలు దాటి కోట్లు అయినప్పుడు మనుషుల చేత అయ్యే పనేనా? ఆ పట్టికను 2014లో మూసివేశారు.

మనుషుల స్థానంలోకి యంత్రం వచ్చింది. 1993లో మాథ్యూ గ్రే అనే ఆయన, వెబ్ ఎంత పెద్దదో కొలవటం కోసం, ఒక పేజీలో నుంచి మరొక పేజీలోకి దానంతట అదే పోయే ప్రోగ్రామును తయారుచేశాడు. 1994లో బ్రయన్ పింకర్టన్ చేసిన "వెబ్‌క్రాలర్" ఇంకొక అడుగు ముందుకు వేసి, తాను చూసిన పేజీలలోని మాటలన్నిటినీ సూచికకు ఎక్కించింది. "వెబ్" అంటే సాలెగూడు గనక, దానిలో పాకుతూ తిరిగే ఇటువంటి ప్రోగ్రాములకు సాలీళ్ళు అని ముద్దుపేరు వచ్చింది. 1998లో గూగుల్ మొదటి సూచికలో 2 కోట్ల 60 లక్షల పేజీలు ఉండేవి. పదేళ్ళు తిరిగేసరికి, అంటే 2008లో, తమ సాలీళ్ళ కంటపడిన వేరువేరు చిరునామాలు లక్ష కోట్లు దాటాయని గూగుల్ ప్రకటించింది!

కనుక మన బొమ్మల దుకాణానికి మొట్టమొదట రావలసిన అతిథి బెంగుళూరు తల్లి కాదు, ఈ సాలీడు. అతిథి స్వభావం తెలిస్తే ఇల్లు ఎలా సర్దాలో తెలుస్తుంది.

సాలీడు దారం వెంబడే నడుస్తుంది. ఆ దారాలే లింకులు. ఒక పేజీలో నొక్కితే మరొక పేజీ తెరుచుకునే మాట ఉంటుందే, అదే లింకు. ఏ లింకూ చేరని పేజీ, తలుపు లేని గది వంటిది. మన దుకాణంలో అంబారీ ఏనుగుకు ఒక పేజీ, దశావతారాలకు ఒక పేజీ ఉంటే, మొదటి పేజీ నుంచి రెంటికీ లింకులు ఉండాలి. ఇది కాక, ఇంట్లో గదులన్నీ చూపే పటం వంటి సైట్‌మాప్ ఒకటి రాసిపెట్టవచ్చు. అందులో పేజీల చిరునామాలన్నీ వరసగా ఉంటాయి. ఈ పద్ధతిని గూగుల్ 2005లో ప్రవేశపెట్టింది. 2006లో యాహూ, మైక్రోసాఫ్టు కూడా ఒప్పుకున్నాయి. ఈ పటాన్ని గూగుల్‌కు అప్పగించటానికి "సెర్చ్ కన్సోల్" అనే చోటు ఉన్నది. సూచికలో మన పేజీలు ఎన్ని చేరాయో, ఏవి చేరలేదో, ఎందుకు చేరలేదో కూడా అక్కడే తెలుసుకోవచ్చు. మైక్రోసాఫ్టు వారి "బింగ్" సెర్చి ఇంజనుకు కూడా ఇటువంటి చోటు ఉన్నది. రెండూ ఉచితమే.

ఈ సాలీడుకు మర్యాద కూడా తెలుసు. తలుపు మీద "లోపలికి రావద్దు" అని రాసి ఉంటే రాదు. ఆ రాతకు "రోబోట్స్" ఫైలు అని పేరు. 1994లో మార్టిన్ కోస్టర్ అనే ఆయన ఈ ఏర్పాటు కనిపెట్టాడు. అలాగే "ఈ పేజీని సూచికలో చేర్చవద్దు" అని పేజీలోనే ఒక గుర్తు పెట్టే పద్ధతి కూడా ఉన్నది. ఇల్లు కడుతున్నప్పుడు ఎవరూ రాకుండా అడ్డుగా తడిక కడతాం కదా? అలాగే వెబ్‌సైటు తయారుచేసేవారు, పని పూర్తి అయ్యేదాకా ఎవరి కంటా పడకుండా ఇటువంటి గుర్తులు పెట్టటం మామూలు. గృహప్రవేశం అయిపోయిన తరవాత తడిక తీయటం మరచిపోయే వాళ్ళున్నారు! దుకాణం తెరిచి నెలలు గడిచినా సూచికకు ఎక్కకపోతే మొదట చూడవలసినది ఇదే. అయితే ఒకటి, ఆ రాత తాళం కాదు. మర్యాద తెలియని ప్రోగ్రాములు దాన్ని లెక్కచేయవు. కనుక రహస్యాలు దాచటానికి అది పనికిరాదు.

సాలీడు మాటలు చదువుతుంది. బొమ్మలు చూసి మనలాగా మురిసిపోదు. ఈ మధ్య యంత్రాలకు ఫోటోలోని వస్తువులను పోల్చుకునే శక్తి కొంత వచ్చిన మాట నిజమే. అయినప్పటికీ అవి చుట్టూ ఉన్న మాటలమీదనే ఎక్కువగా ఆధారపడతాయి. మన కుటుంబంవారు చేసిన పొరపాటు ఇక్కడే ఉన్నది. వారి పేజీల్లో చక్కని ఫోటోలు, వాటి కింద ధరలు తప్ప మరేమీ లేవు. దుకాణం పేరు కూడా రంగుల అక్షరాలతో ఫోటోలోనే ఉన్నది. అందుచేత ప్రతి ఫోటోకూ దాని వెనుక ఒక మాట రాయాలి: "అంబారీ మోస్తున్న ఏనుగు, కొండపల్లి కొయ్యబొమ్మ" అని. ఫోటోకు ఇలా మాట రాసిపెట్టటం సాలీడుకే కాదు, చూపు లేనివారికి కూడా గొప్ప ఉపకారం. వారి ఫోనులు తెరమీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపిస్తాయి. ఫోటో దగ్గరకు వచ్చినప్పుడు అవి చదివేది ఈ మాటలనే.

ఇక పేజీ శీర్షిక. సెర్చి ఇంజను జవాబుల్లో పెద్ద అక్షరాలతో కనిపించే మాట సాధారణంగా ఇదే. చాలా వెబ్‌సైట్లలో ప్రతి పేజీకీ "హోం" అనో, "స్వాగతం" అనో ఉంటుంది. తరగతిలో నలభై మంది పిల్లలకూ ఒకే పేరు పెడితే పంతులుగారు ఎవరిని పిలుస్తారు? "కొండపల్లి దశావతారాల బొమ్మలు, పదింటి జత" అని ఒక పేజీకి, "కొండపల్లి అంబారీ ఏనుగు" అని మరొక పేజీకి విడివిడిగా పేర్లు ఉండాలి. పేరు చిన్నదిగా ఉండాలి, నిజంగా ఉండాలి. దాని కింద ఒకటి రెండు వాక్యాల వివరణ కూడా రాసి ఇవ్వవచ్చు. సెర్చి ఇంజను దాన్ని చూపవచ్చు, లేదా పేజీలో నుంచి తనకు తోచిన వాక్యాలు ఏరుకోవచ్చు.

పేజీలో ఏమి రాయాలి? దుకాణంవారికి తోచిన మాటలు కాదు, కొనేవారు అడిగే మాటలు. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. పనివారు తమలో తాము వాడుకునే మాటలు కొనేవారికి తెలియకపోవచ్చు. బెంగుళూరు తల్లి "బొమ్మల కొలువుకు కొయ్యబొమ్మలు" అని వెతుకుతుంది. అదీ తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో రాస్తుందేమో! ఢిల్లీలో ఉన్నవారు ఇంగ్లీషులో "వుడెన్ టాయ్స్" అని అడుగుతారు. అందుచేత తెలుగులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ శ్రద్ధగా రాసుకోవటం మంచిది. బొమ్మ ఎంత ఎత్తు ఉంటుంది? బరువెంత? తడిగుడ్డతో తుడవవచ్చునా? దారిలో విరగకుండా ఎలా కట్టి పంపుతారు? ఎన్ని రోజుల్లో చేరుతుంది? దుకాణానికి వచ్చినవారు రోజూ అడిగే ఈ ప్రశ్నలకు జవాబులు రాస్తే చాలు, మంచి పేజీ తయారైనట్టే. ఇంకొకరి వెబ్‌సైటులోనుంచి ఎత్తి రాయకూడదు. పదిమంది దగ్గర ఒకే రాత ఉంటే సెర్చి ఇంజను వాటిలో ఒకటో రెండో చూపి మిగిలినవాటిని వెనక్కు నెడుతుంది.

దుకాణం పేరు, ఊరు, వీధి, ఫోను నంబరు, తెరిచే వేళలు ఫోటోలో కాకుండా అక్షరాలతో రాయాలి. ఎక్కడ రాసినా ఒకే విధంగా రాయాలి. ఒకచోట పాత నంబరు, మరొకచోట కొత్త నంబరు ఉంటే మనుషులకే కాదు, యంత్రానికి కూడా అనుమానం వస్తుంది. గూగుల్ పటంలో దుకాణాన్ని చేర్చుకునే "బిజినెస్ ప్రొఫైల్" అనే ఏర్పాటు ఉన్నది. అదీ ఉచితమే. ఆ దుకాణం నిజంగా మీదేనా అని పరీక్షించి మరీ చేర్చుకుంటారు. "నా దగ్గరలో బొమ్మల దుకాణం" అని వెతికేవారికి ఇది చాలా ఉపయోగం.

మరొక సంగతి. ఈ రోజుల్లో చాలామంది వెతికేది ఫోనులోనే. అందుకని గూగుల్ సాలీడు కూడా ముఖ్యంగా ఫోనులో కనిపించే రూపాన్నే చదువుతుంది. అక్షరాలు చీమల్లాగా ఉండి, ఫోటోలు మరీ బరువై, పేజీ తెరుచుకోవటానికి ఒక నిమిషం పట్టిందంటే వచ్చినవారు ఆగరు. ఫోటోల బరువు తగ్గించి పెట్టటం ఎవరైనా చేయగలిగిన పని.

సరే, సాలీడు వచ్చింది, చదివింది, సూచికకు ఎక్కించింది. కాని కొండపల్లి బొమ్మలు అమ్మే దుకాణాలు ఎన్నో ఉన్నవి. వాటిలో ఎవరిని ముందు చూపాలి? ఈ ప్రశ్నకు ఒక చక్కని ఉపాయం ఆలోచించినవారు స్టాన్‌ఫర్డ్‌లోనే చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్. వారు స్థాపించినదే గూగుల్. ఒక పేజీ మరొక పేజీకి లింకు ఇచ్చిందంటే, "అది చూడదగినది" అని సాక్ష్యం చెప్పినట్టు. పదిమంది సాక్ష్యం చెప్పినవాడి మాటకు విలువ ఎక్కువ. అయితే సాక్షులందరూ సమానం కారు. ఊళ్ళో అందరూ గౌరవించే పెద్దమనిషి చెప్పిన ఒక్క మాట, ఎవరూ ఎరగని పదిమంది మాటకన్నా బరువైనది. ఈ లెక్కకు "పేజ్ ర్యాంక్" అని పేరు పెట్టారు. ఇప్పుడు గూగుల్ ఇంకా ఎన్నో సంగతులు కలిపి చూస్తున్నది. అయినా, నలుగురి సాక్ష్యానికి విలువ పోలేదు.

మన బొమ్మల కుటుంబానికి సాక్షులు ఎలా వస్తారు? విహారయాత్రకు వచ్చి బొమ్మలు చేయటం చూసి వెళ్ళిన బడివారు తమ వెబ్‌సైటులో ఆ సంగతి రాయవచ్చు. పత్రికవారు రాయవచ్చు. చేతిపనుల సంఘంవారు తమ పట్టికలో చేర్చవచ్చు. వారిని అడగటంలో తప్పు లేదు.

కాని తప్పుదారి తొక్కేవారు ఎప్పుడూ ఉంటారు గదా! పూర్వం పేజీలో పైకి కనిపించకుండా "ముఖ్యపదాలు" రాసుకునే చోటు ఒకటి ఉండేది. దానిలో, తమ దగ్గర లేని సరుకుల పేర్లు కూడా వందలకొద్దీ కుక్కేవారు. దాంతో ఆ చోటుకు విలువే పోయింది. వరస నిర్ణయించటంలో తాము దాన్ని చూడటం లేదని గూగుల్ 2009లో బహిరంగంగా చెప్పింది. మరికొందరు తెల్లని పేజీమీద తెల్లని అక్షరాలతో ఒకే మాటను వందసార్లు రాశారు. మనిషికి కనిపించదు, సాలీడు చదువుతుంది! ఇటువంటివి పట్టుకోవటం యంత్రాలు తొందరలోనే నేర్చుకున్నవి.

పెద్దలు కూడా దెబ్బతిన్నారు. 2006 ఫిబ్రవరిలో బి.ఎం.డబ్ల్యు. అనే ప్రసిద్ధ కార్ల కంపెనీ జర్మనీ వెబ్‌సైటును గూగుల్ తన సూచికలోనుంచే తీసివేసింది. కారణం, ఆ వెబ్‌సైటు సాలీడుకు ఒక పేజీ, మనుషులకు మరొక పేజీ చూపటం. ఆ పేజీలు తొలగించిన తరవాతనే మళ్ళీ చేర్చుకున్నారు. 2011 ఫిబ్రవరిలో జె.సి.పెన్నీ అనే అమెరికా దుకాణాల సంస్థకు సంబంధం లేని వేలకొద్దీ పేజీలనుంచి లింకులు ఉన్నట్టు న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. అంటే దొంగ సాక్ష్యాలన్నమాట! అవి తమ అనుమతితో జరగలేదని ఆ సంస్థ చెప్పి, ఆ పని చూసేవారిని తొలగించింది. అయినా గూగుల్ ఆ సంస్థ పేజీలను వరసలో చాలా కిందికి దించింది. అంత పెద్ద కంపెనీలకు వేరే దారులు ఉంటాయి గనక తట్టుకున్నవి. పండగ నాలుగు రోజుల అమ్మకం మీద ఏడాది గడుపుకునే చిన్న దుకాణం సూచికలోనుంచి పోతే ఏమవుతుందో ఆలోచించండి.

అందుకే పెద్దలు కూడా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. "మీ దుకాణాన్ని మొదటి స్థానంలో నిలబెడతాం, ఇంత డబ్బు ఇవ్వండి" అని ఫోను చేసేవారు ఉన్నారు. "వెయ్యి సెర్చి ఇంజన్లలో చేరుస్తాం" అనేవారూ ఉన్నారు. మొదటి స్థానం ఇప్పిస్తామని హామీ ఇవ్వటం ఎవరికీ సాధ్యం కాదని గూగులే చెబుతున్నది. డబ్బు ఇస్తే దొరికేది ప్రకటన మాత్రమే. ప్రకటనల మీద అది ప్రకటన అని వేరుగా గుర్తు ఉంటుంది. మామూలు వరసలోని చోటును డబ్బుతో కొనటానికి వీలు లేదు. నిజాయితీగా సలహా చెప్పి, పేజీలు బాగుచేసి, తగిన కూలి తీసుకునేవారు కూడా లేకపోలేదు. ఇద్దరికీ తేడా కనిపెట్టడం సులభం. ఒకరు ఏమి చేస్తారో వివరంగా చెబుతారు, రెండోవారు ఏమి వస్తుందో మాత్రమే చెబుతారు.

ఈమధ్య సెర్చి ఇంజన్లు పేజీల వరస చూపటమే కాక, కొన్ని ప్రశ్నలకు తామే పైన ఒక జవాబు కూర్చి రాస్తున్నవి. గూగుల్ ఈ పద్ధతిని 2024లో అమెరికాలో మొదలుపెట్టి తరవాత ఇతర దేశాలకు విస్తరించింది. అటువంటి జవాబులు కూర్చటానికి కూడా అవి వెబ్ పేజీల మీదనే ఆధారపడతాయి. ఏమీ రాయని దుకాణం గురించి ఎంత తెలివైన యంత్రమైనా ఏమి చెప్పగలదు?

పనంతా చేసిన మర్నాడే బేరాలు వచ్చిపడవు. సాలీడు ఎప్పుడు వస్తుందో దాని ఇష్టం. సూచికకు ఎక్కటానికి కొన్ని రోజులో, వారాలో పడుతుంది. వరసలో ముందుకు జరగటానికి నెలలు పట్టవచ్చు. ఎక్కినదీ లేనిదీ చూసుకోవటానికి ఒక కిటుకు ఉన్నది. గూగుల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో "సైట్" అనే మాట రాసి, దాని పక్కన నిలువుగా రెండు చుక్కలు పెట్టి, ఖాళీ వదలకుండా మీ వెబ్‌సైటు చిరునామా రాయండి. సూచికలో ఉన్న మీ పేజీలు చాలావరకు వరసగా కనిపిస్తాయి. ఏమీ కనిపించకపోతే తడిక తీశారో లేదో వెళ్ళి చూడండి!

ఇప్పుడు మీకొక పని. మీ ఇంట్లో దుకాణం ఉంటే సరే, లేకపోతే మీ వీధి చివరి దర్జీనో, మిఠాయి కొట్టునో తీసుకోండి. అక్కడికి వచ్చేవారు అడిగే ప్రశ్నలు, వారు వాడే మాటలలోనే, ఒక కాగితం మీద పది రాయండి. వాటికి జవాబులు దుకాణంవారినే అడిగి, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ తరవాత ఆ కాగితానికి పది మాటలు దాటకుండా ఒక శీర్షిక పెట్టండి. చదివినవారికి అక్కడ ఏమి దొరుకుతుందో, అది ఏ ఊళ్ళో ఉన్నదో ఆ శీర్షికలోనే తెలియాలి. అది ఎంత కష్టమో ప్రయత్నిస్తేనే తెలుస్తుంది. కాగితం పూర్తి అయితే మాత్రం, ఒక మంచి వెబ్ పేజీలో సగానికి పైగా మీరు రాసేసినట్టే. మిగిలినది యంత్రాల పని.